వైకుంఠం చెక్కుబంది

వైకుంఠం తాళంచెవి నా మొలతాడుకే ఉండాది,
ఇరవై ఆరేండ్లుగా.
నవ్వొద్దు. బోర్డు మీద అట్లే రాసుండాది:
వైకుంఠం, కింద బాణం గుర్తు, కంపార్టుమెంటు పదిహేడు.
పొద్దుగూకినాక జీవకోనలో ఇల్లు వదుల్తా,
అలిపిరి తనిఖీలో సద్దిగిన్నె మూత తీసి చూపిస్తా,
ఘాటురోడ్డు మలుపులు కండ్లు మూసుకోనే లెక్కబెడతా,
పైకి పోయి
ఇనప గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటా.
ఎవురన్నా అడిగితే మునెమ్మ చెప్తాది,
"మా ఆయనకు స్వర్గంలో రాత్రి డూటీ."

లోపల ఏముండాదంటే
చెమట. కొత్త గుండ్ల మీద ఆరే గంధం.
కాళ్ళ కింద నలిగిన ఉప్మా,
చంటిబిడ్డల తడిగుడ్డలు కటకటాల మీద.
"ఇంకెంతసేపు సామీ?" అని ఒకటే ప్రశ్న
ఆరు భాషల్లో.
ఆరిటికీ నా జవాబొకటే, చెయ్యి ఇట్లా ఊపడం.

ఆడికృత్తిక దాటిన మర్నాటి రాత్రి
ఇద్దరికి వాదం పడె.
ఆయన చిత్తూరు, రిటైరు సర్వేయరు, ఏకాంబరమంట.
వచ్చినప్పట్నించి కూర్చోకుండా
జనాల్ని తప్పించుకుంటా అటూ ఇటూ తిరగతానే ఉండె.
ఆమె రుయా ఆస్పత్రిలో నర్సు, వనజాక్షి.
బోర్డు కూడబలుక్కోని చదివిన పిల్లోడొకడు
"నిజం వైకుంఠం యాడుంటాది తాతా?" అనేసరికి
మొదలయ్యింది.

"ఉంటే కొలతుంటాది" అన్నాడు సర్వేయరు.
"కొలత లేనిది కాయితంలోకి రాదు,
కాయితంలోకి రానిది ఎవురికీ దక్కదు.
ముప్పై ఏండ్లు గొలుసు లాగినోణ్ణి చెప్తా ఉండా,
తూర్పున ఎవురి గెనిమ, పడమర ఏ వంక,
చెక్కుబంది చెప్పండి ముందు,
తర్వాత నమ్ముతా."

ఆయమ్మ గొంతు పెంచలే.
"మా వార్డులో రాత్రి మూడు మీద
ఒగొగరికి నొప్పి తగ్గుతాది చూడండి,
అప్పుడు మొఖంలో ఏదో తెరుచుకుంటాది.
మంచం అదే, దుప్పటి అదే, మూలన బక్కెట్టు అదే.
చోటు మారలే గదన్నా.
నేను చెక్కుబంది యాడ చెప్పేది?"

"సూదిమందు దిగినాక?"

ఆమె చానాసేపు గమ్మునుండె.
"దిగతాది" అనె.

రెండున్నరకు పాలొచ్చినాయి.
పాలు తాగినాక
ఒక గంట ఎవురూ గేటు వైపు చూళ్ళే.
కడప ఆమె తల మరాఠీ ఆయన భుజం మీద వాలింది,
తిమ్మిరెక్కి ఉంటాది, ఆయన కదల్లే.
వాదం పెట్టిన పిల్లోడు
సర్వేయరు తొడ మీదే నోరు తెరుచుకోని.
ఫ్యానొకటి టకటకమని.
నేను కుర్చీలోంచి సగం లేచినా. ఎందుకో తెలీదు.
ఇన్నేండ్లూ బయట గొళ్ళెం పెట్టినోణ్ణే గానీ
లోపలికి పోవాలనిపించిందే లేదు.

అంతలో ఫోను. పదిహేడు వదలమని.

గేటు తీస్తి.
గోవిందా అని ఒకటే అరుపు, ఒకటే తోపులాట.
ఆ కడప ఆమే ఆ మరాఠీ ఆయన్ని
మోచేత్తో నెట్టి ముందుకు పోయె.
వైకుంఠం నుంచి అందరూ పరిగెత్తేదే,
వెనక్కి తిరిగి చూసినోళ్ళు నాకు కనబళ్ళే.
సర్వేయరు మాత్రం ఒక్క గడియ ఆగి
నా చేతిలో టికెట్టు ముక్క పెట్టి పోయినాడు.
వెనక పెన్సిలు రాత:
"పొడుగు ఇరవైమూడు అంగలు, వెడల్పు పదకొండు.
తూర్పు గోడ, పడమర గోడ,
ఉత్తరం కక్కసులు, దక్షిణం గేటు."

ఊడ్చే వాళ్ళు వచ్చేలోపల
నేనొక్కణ్ణే లోపలికి పోయి
గోడ నుంచి గోడకు నడిస్తి.
ఇరవైనాలుగొచ్చింది.
మళ్ళా నడిస్తి. ఇరవైనాలుగే.
నావి పొట్టికాళ్ళు, నిజమే.

పొద్దున దిగొచ్చి మునెమ్మకు చెప్తే
మోకాలికి నూనె రుద్దుకుంటా అడిగింది,
"ఎక్కువొచ్చిన ఆ ఒక్కటి
ఎవురిపేర రాయించినావు?"